‘ఫుల్-ఫ్లెజ్డ్’ – ‘పూర్తిస్థాయి’: అర్థభేద పరిశీలన (శ్రీహరికోట వ్యవహారం ఆధారంగా)

వ్యాససంగ్రహం

ఆంగ్లంలో సంపూర్ణ వికాసాన్ని సూచించే ‘ఫుల్-ఫ్లెజ్డ్’ అనే విశేషణానికి తెలుగు పత్రికా రచనలోనూ, పరిపాలనా భాషలోనూ, పరిశోధన వ్యాసాలలోనూ ఎక్కువగా వాడుకలో ఉన్న మాట ‘పూర్తిస్థాయి’. ఈ రెండు పదాలూ ఒకే అర్థాన్ని ఇవ్వవని, మొదటిది ఎదుగుదలను, రెండవది నిర్ణీత అంతస్తును చెబుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పదనిర్మాణం, విరుద్ధార్థకాలు, శ్రీహరికోట రాకెట్ ప్రయోగాల నామకరణ పద్ధతి అనే మూడు ఆధారాలతో ఈ భేదాన్ని నిరూపిస్తుంది. తెలుగు నుడికారంలో ఎదుగుదలను చెప్పే ధాతుజ విశేషణాలను పరిశీలించి, ఏ సందర్భంలో ఏ మాట ఉచితమో సూచిస్తుంది.

కీలక పదాలు: అనువాదం, ధాతుజ విశేషణం, పూర్తిస్థాయి, రెక్క, శ్రీహరికోట, పత్రికాభాష.

1. ఉపోద్ఘాతం

అనువాదంలో కొత్త మాటకు కొత్త పదం కల్పించడం కష్టమని సాధారణంగా భావిస్తారు. అంతకంటె కష్టమైన సమస్య మరొకటి ఉంది. పరభాషాపదానికి ఒక మాట సులభంగా దొరికి, అది వాడుకలో స్థిరపడి, ఎవరూ ప్రశ్నించని స్థితికి చేరినప్పుడు, ఆ మాట మూలంలోని ఏ అంశాన్ని వదిలివేసిందో గుర్తించడం కష్టమవుతుంది. ‘పూర్తిస్థాయి’ అటువంటి పదం. పూర్తిస్థాయి బడ్జెట్, పూర్తిస్థాయి అధికారి, పూర్తిస్థాయి యుద్ధం, పూర్తిస్థాయి రిహార్సల్, పూర్తిస్థాయి ప్రయోగ కేంద్రం – ఇవన్నీ తెలుగు పాఠకునికి అలవాటైన ప్రయోగాలే. కాని వీటి వెనుక ఆంగ్లంలో ఉన్నది ఒకే మాట కాదు. యుద్ధానికి, రిహార్సల్‌కు ‘ఫుల్-స్కేల్’. అధికారికి కొన్నిచోట్ల ‘ఫుల్-టైమ్’. సంస్థకు, రాష్ట్రానికి, కేంద్రానికి ‘ఫుల్-ఫ్లెజ్డ్’. పరిమాణం, కాలం, ఎదుగుదల అనే మూడు వేర్వేరు భావనలను తెలుగు ఒకే సమాసంలో కలిపివేసింది.

ఈ కలయిక వల్ల నష్టమేమిటో తెలియాలంటే, ఎదుగుదల అనే అంశం స్పష్టంగా కనిపించే సందర్భాన్ని తీసుకోవాలి. శ్రీహరికోట అందుకు అనువైన సందర్భం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఉన్న ఈ దీవిలో 1971 అక్టోబరు 9న చిన్న ధ్వని రాకెట్‌తో మొదలైన ప్రయోగాలు 2025 జనవరి 29 నాటికి నూరవ పెద్ద ప్రయోగానికి చేరాయి. ఆ ప్రస్థానంలోని ఏ మజిలీని ‘పూర్తి’ అనాలన్నది కేవలం శైలికి సంబంధించిన ప్రశ్న కాదు, అర్థానికి సంబంధించిన ప్రశ్న. మరొక విశేషం, ఆంగ్ల విశేషణం పుట్టింది పక్షి గూటిలో. పక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచే నేలపట్టు సంరక్షణ కేంద్రం ఈ దీవికి చేరువలోనే, దొరవారిసత్రం మండలంలో ఉంది.

2. ఆంగ్ల విశేషణం: ఈక నుంచి ఎగురుదల దాకా

‘ఫ్లెజ్’ అనే ఆంగ్ల పదానికి ‘ఎగరడం’ అనే అర్థమున్న ‘ఫ్లై’తో జన్యసంబంధం ఉంది. మొదట అది ‘ఎగరడానికి తగినంతగా ఈకలు వచ్చిన’ అనే అర్థంలో విశేషణంగా వాడుకలో ఉండేది. తరువాత ఈకలు రావడం, రప్పించడం అనే అర్థాలలో క్రియ అయింది. దాని భూతకాల రూపమే ‘ఫ్లెజ్డ్’. ‘ఫుల్-ఫ్లెజ్డ్’ రూపం అమెరికా వాడుకలోనూ, ‘ఫుల్లీ ఫ్లెజ్డ్’ రూపం బ్రిటిష్ వాడుకలోనూ ఎక్కువ. అప్పుడే ఈకలు వచ్చి ఎగరడం నేర్చుకుంటున్న పిల్లకు ‘ఫ్లెజ్‌లింగ్’ అని పేరు. ఈ మాటలు తరువాతి కాలంలో మనుషులకు, సంస్థలకు, దేశాలకు లాక్షణికంగా అన్వయించాయి.

నేలపట్టు చెరువులో నీటిమధ్య నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గుడ్డు నుంచి వెలువడిన పిల్లకు ఒంటిమీద ఈక ఉండదు. తరువాత నూగు వస్తుంది. ఆ పైన ఎగరడానికి పనికివచ్చే గట్టి ఈకలు వస్తాయి. అంతవరకూ తల్లిదండ్రులు తెచ్చిన చేపలే దానికి ఆహారం. రెక్క ఈకలు ఏర్పడి, గూడు విడిచి, తన వేట తాను చేసుకోగలిగినప్పుడు అది ‘ఫ్లెజ్డ్’ అవుతుంది. ఇక్కడ మూడు అంశాలు గమనార్హం. ఒకటి, ఈ స్థితి కాలక్రమంలో వచ్చినది. రెండు, దానికి కొలమానం బయటివారు నిర్ణయించిన ప్రమాణం కాదు, ఆ ప్రాణి సొంత సామర్థ్యం. మూడు, ఈ స్థితి ఎదుగుదలకు ముగింపు కాదు. రెక్కలు వచ్చిన పక్షి ఇంకా నేర్చుకోవలసినది ఎంతో ఉంటుంది. పెద్ద పక్షులు సైతం పాత ఈకలు రాల్చి కొత్తవి పెంచుకుంటాయి.

ఆంగ్లంలో ఈ క్రియకు మరొక ప్రయోగం ఉంది. బాణం వెనుక భాగాన ఈకలు అమర్చడాన్ని కూడా ‘ఫ్లెజ్’ అన్నారు. ఈక లేని బాణం గురి తప్పుతుంది. తెలుగులో ఈ భాగానికి ‘పుంఖం’ అని పేరు. ఒక బాణం పుంఖాన్ని వెన్నంటి మరొక బాణం పోవడాన్ని చెప్పే ‘పుంఖానుపుంఖంగా’ అనే పదబంధం నేటికీ సజీవంగా ఉంది. ధ్వని రాకెట్ల తోకభాగాన అమర్చే రెక్కలు చేసే పని కూడా పుంఖం చేసే పనే. ప్రయాణంలో దిశ చెదరకుండా నిలపడమే ఆ పని. పక్షి విషయంలోనైనా, బాణం విషయంలోనైనా ‘ఫ్లెజ్’ అనే మాట ఎగరడానికి కావలసిన అర్హతను గురించి చెబుతుందే తప్ప, చేరవలసిన గమ్యాన్ని గురించి చెప్పదు.

3. ‘పూర్తిస్థాయి’: నిర్మాణం, అర్థం

‘పూర్తిస్థాయి’ రెండు తత్సమాల కలయిక. ‘పూర్తి’ నిండుదనాన్నీ, ముగింపునూ కూడా చెబుతుంది. ‘పని పూర్తయింది’ అన్నప్పుడు ఇక చేయవలసినదేమీ లేదని అర్థం. ‘స్థాయి’ పదానికి మూలం నిలబడటమనే అర్థం గల ‘స్థా’ ధాతువు. అలంకారశాస్త్రంలో నిలకడగా ఉండే భావం స్థాయిభావం. సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయులు స్వరం నిలిచే మెట్లు. ఆధునిక పరిపాలనా భాషలో గ్రామస్థాయి, మండలస్థాయి, జిల్లాస్థాయి అనే వరుసలో అది అంతస్తు అయింది. అంటే ఎగరడాన్ని చెప్పే మాటకు, నిలబడటాన్ని చెప్పే మాట అనువాదమైంది.

వ్యాకరణపరంగా ఈ భేదం మరింత స్పష్టం. ‘ఫ్లెజ్డ్’ క్రియ నుంచి పుట్టిన భూతకాల విశేషణం. అందులో ఒక వ్యాపారం జరిగి ముగిసిన చరిత్ర ఇమిడి ఉంది. తెలుగులో దీనికి సమానమైన వ్యాకరణ విభాగం ధాతుజ విశేషణం: ఎదిగిన, పండిన, ముదిరిన, ఆరితేరిన. ‘పూర్తిస్థాయి’ నామసమాసం. అందులో కర్త లేడు, కాలం లేదు, క్రమం లేదు. ‘ఎదిగిన కేంద్రం’ అనగానే ఎప్పటినుంచి, ఎలా, ఎవరి పెంపకంలో అన్న ప్రశ్నలు సహజంగా వస్తాయి. ‘పూర్తిస్థాయి కేంద్రం’ అన్నప్పుడు ఆ ప్రశ్నలకు తావుండదు. ఈ లక్షణం వల్లనే ప్రకటనల భాషకు ఆ సమాసం అంత ప్రియమైనదని భావించవచ్చు.

అయితే ‘పూర్తిస్థాయి’ దోషపదం కాదు. నియమం ఒక అంతస్తును ముందే నిర్దేశించిన చోట అది సరిగ్గా అమరుతుంది. 1987 మే 30న గోవా కేంద్రపాలిత ప్రాంతం నుంచి రాష్ట్రమైంది. రాజ్యాంగం రాష్ట్రానికి నిర్దేశించిన హోదా దానికి లభించింది గనుక ‘పూర్తిస్థాయి రాష్ట్రం’ అనడం ఉచితం. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, అంతవరకూ నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట అందులో చేరింది. ఆ నాటి నుంచే అది చట్టరీత్యా పూర్తిస్థాయి జిల్లా. కాని కొత్త జిల్లాలో కార్యాలయాలు, సిబ్బంది, వ్యవస్థలు కుదురుకోవడం ఒక్క రోజులో జరిగేది కాదు. హోదా ఒక ఉత్తర్వుతో వస్తుంది. ఎదుగుదల కాలంతో వస్తుంది. ఒకే జిల్లాను గురించి ఈ రెండు మాటలూ నిజమే. వాటిని ఒకే పదంతో చెప్పినప్పుడు మాత్రం ఒకటి మరొకదానిని కప్పివేస్తుంది.

4. విరుద్ధార్థకాల పరీక్ష

ఒక పదం సరిహద్దులు తెలుసుకోవడానికి దాని విరుద్ధార్థకాన్ని అడగడం మంచి పద్ధతి. ‘పూర్తిస్థాయి బడ్జెట్’కు విరుద్ధం మధ్యంతర బడ్జెట్, లేదా ఓట్ ఆన్ అకౌంట్. ‘పూర్తిస్థాయి అధికారి’కి విరుద్ధం ఇన్‌ఛార్జి, లేదా అదనపు బాధ్యతలు చూసే అధికారి. ‘పూర్తిస్థాయి నివేదిక’కు విరుద్ధం ప్రాథమిక నివేదిక. వీటన్నిటిలోనూ ఎదురుగా ఉన్నది తాత్కాలికత, లేదా పాక్షికత. మధ్యంతర బడ్జెట్ పెరిగి పూర్తిస్థాయి బడ్జెట్ కాదు. దాని స్థానంలో ఇది వస్తుంది. ఇన్‌ఛార్జి అధికారి ఎదిగి పూర్తిస్థాయి అధికారి కాడు, ఉత్తర్వు మారుతుంది.

‘ఫుల్-ఫ్లెజ్డ్’కు ఎదురుగా ఉన్న ‘ఫ్లెజ్‌లింగ్’ మాత్రం దాని తొలిరూపమే. పిల్ల పక్షే పెద్ద పక్షి అవుతుంది. ఈ జంటలో విరోధం కన్నా వరుస ఎక్కువ. తెలుగు పత్రికాభాష ఈ జంటలో మొదటిదానికి చక్కని మాటను సంపాదించింది. క్రికెట్ వార్తలలో అనుభవం లేని కొత్త జట్టును ‘పసికూన’ అంటారు. కాని ఆ పసికూన ఎదిగి పెద్ద జట్లను ఓడించగలిగినప్పుడు ఏమనాలో అదే భాషకు తోచదు. అప్పుడు మళ్లీ ‘పూర్తిస్థాయి జట్టు’ అంటే, ఆటగాళ్లందరూ అందుబాటులో ఉన్న జట్టు అనే వేరే అర్థం వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, అనువాదపదం మూలపదం స్థానంలో ఎక్కడ నిలవదో తెలియడానికి.

5. శ్రీహరికోట సాక్ష్యం: ప్రయోగాల పేర్లలోని అక్షరాలు

ఎదుగుదలనూ హోదానూ వేరుచేసి చెప్పే అవసరం శాస్త్రవేత్తలకు పదజాలంతో కాక, అక్షరాలతో తీరింది. శ్రీహరికోట నుంచి జరిగిన ప్రయోగాల పేర్లలో రాకెట్ పేరు తరువాత వచ్చే అక్షరం ఈ విషయంలో విలువైన భాషాసాక్ష్యం.

ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం 1979 ఆగస్టు 10న విఫలమైంది. 1980 జూలై 18న రెండవది రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఈ రెండింటికీ ‘ఈ1’, ‘ఈ2’ అని పేర్లు. ‘ఈ’ అంటే ప్రయోగాత్మకం. సొంత రాకెట్‌తో సొంత ఉపగ్రహాన్ని కక్ష్యకు చేర్చిన ఆ విజయం తరువాత జరిగిన 1981, 1983 ప్రయోగాలకు ‘డి1’, ‘డి2’ అని పేరు పెట్టారు. ‘డి’ అంటే అభివృద్ధి దశ. పత్రికల దృష్టిలో 1980 విజయం సంపూర్ణం. నిర్మాతల దృష్టిలో దాని తరువాతి మెట్టు ‘ఇంకా ఎదుగుతున్నది’. ఎస్ఎల్‌వీ-3 ‘డి’ దాటకుండానే విరమించింది.

పీఎస్ఎల్‌వీ కథ ఇంకా స్పష్టమైనది. 1993 సెప్టెంబరు 20న ‘డి1’ విఫలమైంది. 1994 అక్టోబరు 15న ‘డి2’, 1996 మార్చి 21న ‘డి3’ విజయం సాధించాయి. 1997 సెప్టెంబరు 29న జరిగిన ప్రయోగం నుంచి అక్షరం ‘సి’గా మారింది. ఇది కొనసాగింపును సూచించే అక్షరం. ఇక్కడ ఒక సూక్ష్మాంశం ఉంది. ఎదిగినదనే గుర్తుతో వెళ్లిన ఆ ‘సి1’ ప్రయోగం ఉపగ్రహాన్ని అనుకున్న కక్ష్యలో కచ్చితంగా చేర్చలేకపోయింది. ఉపగ్రహం తనలోని ఇంధనంతో కక్ష్యను కొంత సరిదిద్దుకోవలసివచ్చింది. రెండు దశాబ్దాల తరువాత, 2017 ఆగస్టు 31న, ‘సి39’ ప్రయోగంలో ఉష్ణకవచం విడివడక ఉపగ్రహం వృథా అయింది. అయినా ఆ రాకెట్‌ను తిరిగి ‘డి’ అనలేదు. ఎదిగినదానికి పొరపాటు జరగవచ్చు. పొరపాటు దానిని పసికూనను చేయదు. ‘పూర్తి’ అన్న మాటలో లోపరాహిత్యం ధ్వనిస్తుంది గనుక ఈ విషయాన్ని ఆ మాటతో చెప్పడం సాధ్యం కాదు. ‘ఎదిగిన’ అన్న మాటతో సాధ్యమే.

జీఎస్ఎల్‌వీ విషయంలో వరుస వెనక్కి మళ్లింది. 2001 ఏప్రిల్ 18న ‘డి1’తో మొదలై, 2003లో ‘డి2’ దాటి, 2004 సెప్టెంబరు 20న ‘ఎఫ్01’తో అది వినియోగ దశకు చేరింది. అయితే అందులోని క్రయోజెనిక్ దశ రష్యా నుంచి వచ్చినది. స్వదేశీ క్రయోజెనిక్ దశను మొదటిసారి అమర్చిన ప్రయోగం 2010 ఏప్రిల్ 15న జరిగి విఫలమైంది. దాని పేరు ‘డి3’. అదే ఏడాది డిసెంబరు 25న రష్యా దశతో వెళ్లి విఫలమైన ప్రయోగం పేరు ‘ఎఫ్06’. ఒకే పేరుగల రాకెట్ ఒకే సంవత్సరంలో ఒకచోట ఎదిగినది, మరొకచోట ఎదుగుతున్నది. స్వదేశీ దశతో 2014 జనవరి 5న ‘డి5’ విజయవంతమైంది. ‘అరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత చెప్పే అవమానం ఇందులో లేదు గాని, అరువు తెచ్చుకున్న రెక్కకూ సొంతంగా మొలిచిన రెక్కకూ భేదాన్ని ఆ అక్షరం దాచలేదు. 2004 నాటి రాకెట్‌ను ‘పూర్తిస్థాయి’ అనడానికి అభ్యంతరం లేదు. వినియోగానికి నిర్దేశించిన మెట్టును అది ఎక్కింది. సొంత సామర్థ్యం కొలమానమైన ‘ఫుల్-ఫ్లెజ్డ్’ను మాత్రం దానికి అన్వయించే ముందు ఆలోచించాలి.

మొత్తం కేంద్రాన్ని తీసుకున్నా ఇదే తేలుతుంది. 2005లో రెండవ ప్రయోగ వేదిక వినియోగంలోకి వచ్చింది. 2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం మూడవ వేదికకు ఆమోదం తెలిపింది. ఆ నెలలోనే నూరవ ప్రయోగం జరిగింది. నూరు ప్రయోగాల కేంద్రం మూడవ వేదిక కోసం ఎదురుచూస్తున్నదంటే అది అసంపూర్ణమనా? కాదు. దానికి రెక్కలు వచ్చి చాలా కాలమైంది. ఇప్పుడు వస్తున్నవి కొత్త ఈకలు. ఈ మాటను ‘పూర్తిస్థాయి’ చెప్పలేదు. పూర్తయినది మళ్లీ ఎందుకు పెరుగుతోందన్న వైరుధ్యాన్ని మాత్రం పుట్టిస్తుంది.

6. తెలుగు నుడికారంలో ఎదుగుదల

తెలుగులో ఎదుగుదలను చెప్పే మాటలకు కొదవ లేదు. వాటిని ఒకదానికొకటి మార్చి వాడలేకపోవడమే వాటి బలం. నైపుణ్యం సాధించిన మనిషి ఆరితేరినవాడు, చేయి తిరిగినవాడు. పోరాటాల అనుభవం గలవాడు కాకలు తీరినవాడు. వయసుతో వివేకం వచ్చినవాడు తల పండినవాడు. వీటిలో ప్రతి విశేషణమూ క్రియాజన్యమే. ప్రతిదానిలోనూ గడిచిన కాలం ఉంది.

మంచి ఎదుగుదలనూ చెడ్డ ఎదుగుదలనూ కూడా తెలుగు వేరుచేస్తుంది. పంట పండుతుంది, రోగం ముదురుతుంది. ఆంగ్లంలో పూర్తిగా విచ్చిన పువ్వును చెప్పే ‘ఫుల్-బ్లోన్’ అనే మాట సంక్షోభాలకు, వ్యాధులకు అన్వయిస్తుంది. తెలుగు పత్రికలు దాన్ని కూడా ‘పూర్తిస్థాయి సంక్షోభం’ అని రాస్తాయి. ‘ముదిరిన సంక్షోభం’ అంటే అర్థమూ నిలుస్తుంది, దానిపట్ల వక్త వైఖరీ తెలుస్తుంది. సంస్కృత విశేషణాలలోనూ ఇటువంటి విభజన ఉంది. భాగాలేవీ లోపించనిది సంపూర్ణం. అన్ని పార్శ్వాలనూ కలుపుకున్నది సమగ్రం. గుణంలో లోపం లేనిది పరిపూర్ణం. మార్పు చెంది పక్వమైనది పరిణతం. ‘పూర్తిస్థాయి’ వాడుక పెరిగిన కొద్దీ ఈ విభజనరేఖలు చెరిగిపోతున్నాయి.

‘ఫుల్-ఫ్లెజ్డ్’కు అత్యంత సన్నిహితమైన తెలుగు నుడి బహుశా ‘చేతికి అందివచ్చిన’ అనేది. చేతికి అందివచ్చిన కొడుకు అంటే ఇంటి బరువు మోయగల వయసుకు, శక్తికి ఎదిగినవాడు. ఎదుగుదల, సామర్థ్యం రెండూ ఇందులో ఉన్నాయి. కాని చూపు మాత్రం వేరు. ఆంగ్ల పదంలో కొలమానం పక్షి వైపు నుంచి ఉంటుంది: తాను ఎగరగలదా? తెలుగు నుడిలో కొలమానం ఇంటి వైపు నుంచి ఉంటుంది: మాకు ఆసరా కాగలడా? అందువల్ల ఇది సంస్థలకు అన్వయించదు. సంస్థల విషయంలో ‘తన కాళ్లమీద తాను నిలబడిన’ అనే నుడి కొంత దగ్గరవుతుంది.

7. రెక్క: ఎగిరేది, కష్టపడేది

ఆంగ్లపదాన్ని యథాతథంగా ‘రెక్కలు వచ్చిన’ అని ఎందుకు అనువదించరన్న ప్రశ్న సహజం. కారణం తెలుగు నుడికారంలోనే ఉంది. పిల్లలకు రెక్కలొచ్చాయంటే ప్రశంస కన్నా నిష్ఠూరం ఎక్కువ వినిపిస్తుంది. ధరలకు రెక్కలొచ్చాయంటే ఫిర్యాదే. తెలుగులో రెక్కలు రావడం చేజారిపోవడానికి సంకేతమైంది. పూర్వం శకటరేఫతో ‘ఱెక్క’ అని రాసిన ఈ పదానికి మరొక అర్థం కూడా ఉంది: భుజం, చేయి. రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెతలోనూ, రెక్కల కష్టం, రెక్కలు ముక్కలు చేసుకోవడం అన్న పదబంధాలలోనూ ఉన్నది ఈ రెక్కే. పక్షికి రెక్క ఎగరడానికి, మనిషికి రెక్క బతకడానికి.

ఈ రెండవ అర్థం ఆంగ్లపదంలోని కొలమానానికి ఊహించనంత దగ్గరగా వస్తుంది. సొంతంగా బతకగల శక్తి రెండింటిలోనూ ప్రధానం. శ్రీహరికోట నేపథ్యంలో ఇది కేవలం నిఘంటుచర్చ కాదు. 1969లో ఈ దీవిని ప్రయోగ కేంద్రానికి ఎంపిక చేసిన తరువాత, అక్కడి అడవినీ నీటినీ ఆధారం చేసుకుని బతికిన యానాదులు, ఇతర గ్రామీణులు స్థలం మారవలసివచ్చింది. ఇటువంటి సందర్భాలలో పరిపాలనా భాష ‘పూర్తిస్థాయి పునరావాసం’ అనే మాటను వాడుతుంది. ఆ మాటకు కొలమానం నియమంలో ఉంటుంది: ఇంత స్థలం, ఇన్ని ఇళ్లు, ఇంత పరిహారం. అవి అందితే స్థాయి పూర్తవుతుంది. రెక్క కొలమానమైతే ప్రశ్న మారుతుంది: కొత్తచోట ఆ కుటుంబం తన రెక్కల కష్టం మీద తాను బతకగలుగుతున్నదా? అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఎక్కడ దొరుకుతాయో తెలిసిన చేతులకు అక్కడ పని ఉన్నదా? మొదటి ప్రశ్నకు జవాబు దస్త్రంలో దొరుకుతుంది. రెండవదానికి జవాబు మనుషుల దగ్గర దొరుకుతుంది. ఏ విశేషణం వాడామన్నదాన్ని బట్టి ఏ ప్రశ్న అడుగుతామన్నది నిర్ణయమవుతుంది.

8. ఒక అభ్యంతరం, సమాధానం

ఆంగ్లంలోనే ఈ రూపకం ఏనాడో మృతరూపకమైందని, ‘ఫుల్-ఫ్లెజ్డ్’ అనే వ్యక్తి మనసులో ఏ పక్షీ మెదలదని, కాబట్టి తెలుగు అనువాదకుడు ఈకలను పట్టించుకోనవసరం లేదని వాదించవచ్చు. ఈ వాదంలో నిజముంది. ఆంగ్ల రచయితలు సైతం ఈ మాటను ‘నిజమైన’, ‘అసలైన’ అనే అర్థంలో అలవోకగా వాడుతున్నారు. అటువంటి చోట అనువాదకుడు పక్షిని వెతకడం అనవసర శ్రమ.

కాని రూపకం మరణించినా దాని వ్యాకరణం మరణించదు. ఈక మరుగున పడినా, భూతకాల క్రియారూపం నిలిచే ఉంది. ‘ఫ్లెజ్‌లింగ్’తో జంట నిలిచే ఉంది. ఆ రెండూ ఉన్నంతవరకు ఆ పదం ‘ఎదిగి వచ్చిన’ అన్న సూచనను పూర్తిగా కోల్పోదు. అనువాదంలో నిలుపుకోవలసింది ఈకను కాదు, ఎదుగుదలను. కాబట్టి మూలవాక్యంలో హోదా ప్రధానమైతే ‘పూర్తిస్థాయి’ ఉండవచ్చు. వికాసం ప్రధానమైతే విశేషణాన్ని విడిచి క్రియను ఆశ్రయించడం తెలుగుకు సహజం. ‘పూర్తిస్థాయి రాకెట్’ అనడానికి బదులు ‘అభివృద్ధి ప్రయోగాలు ముగించుకుని వినియోగంలోకి వచ్చిన రాకెట్’ అనవచ్చు. ‘పూర్తిస్థాయి ప్రయోగ కేంద్రంగా మారింది’ అనడానికి బదులు ‘ఉపగ్రహాలను కక్ష్యకు పంపగల కేంద్రంగా ఎదిగింది’ అనవచ్చు. ఇవి కొంత నిడివిగలవే. అయితే ఆ నిడివిలో సమాచారం ఉంది. ‘పూర్తిస్థాయి’లోని క్లుప్తతలో లేనిది అదే.

9. పరిశోధన భాషకు అన్వయం

ఈ చర్చ పత్రికలకే పరిమితం కాదు. ‘ఈ అంశంపై ఇంతవరకు పూర్తిస్థాయి పరిశోధన జరగలేదు’ అన్న వాక్యం తెలుగు సిద్ధాంత గ్రంథాల పీఠికలలో తరచుగా కనిపిస్తుంది. ఇక్కడ పూర్తి అన్నదానికి కొలత ఏది? గ్రంథాల సంఖ్యా, విషయ విస్తృతా, పద్ధతిలోని పక్వతా? వాక్యం చెప్పదు. ముందు జరిగిన కృషిని పేరుపెట్టి, అది ఎంతవరకు ఎదిగిందో, ఎక్కడ ఆగిందో చెప్పినప్పుడే కొత్త పరిశోధన ఆవశ్యకత రుజువవుతుంది. ఆ పని చేయకుండా పూర్వుల కృషిని పక్కకు నెట్టే వెసులుబాటును ‘పూర్తిస్థాయి’ ఇస్తున్నది. సిద్ధాంత గ్రంథాల శీర్షికలలో ‘సమగ్ర పరిశీలన’, ‘సంపూర్ణ అధ్యయనం’ అన్న మాటలకూ ఇదే వర్తిస్తుంది. విశేషణం వాగ్దానం చేసినదాన్ని అధ్యాయాలు చెల్లించవలసి ఉంటుంది.

10. ముగింపు

‘ఫుల్-ఫ్లెజ్డ్’ కాలక్రమంలో సొంత సామర్థ్యానికి ఎదిగిన స్థితిని చెబుతుంది. ‘పూర్తిస్థాయి’ ముందే నిర్దేశించిన అంతస్తును అందుకున్న స్థితిని చెబుతుంది. మొదటిదానికి విరుద్ధం పసితనం, రెండవదానికి విరుద్ధం తాత్కాలికత, పాక్షికత. ఈ భేదాన్ని శ్రీహరికోట ప్రయోగాల పేర్లు ‘ఈ’, ‘డి’, ‘సి’, ‘ఎఫ్’ అనే అక్షరాలతో నమోదు చేశాయి. ఎదిగినదానికి వైఫల్యం కలగవచ్చునని పీఎస్ఎల్‌వీ, వినియోగంలో ఉన్నది కొత్త అంగంతో మళ్లీ ఎదుగుదలకు మొదలుపెట్టవచ్చునని జీఎస్ఎల్‌వీ తెలుపుతాయి. హోదాను చెప్పే చోట ‘పూర్తిస్థాయి’ని నిలుపుకుని, ఎదుగుదలను చెప్పే చోట ధాతుజ విశేషణాలనూ, క్రియాప్రధానమైన వాక్యాలనూ వాడటం తెలుగు స్వభావానికి అనుగుణం. ముఖ్యంగా మనుషుల జీవనానికి సంబంధించిన వాక్యాలలో, ఏ కొలత ప్రకారం పూర్తి అన్న ప్రశ్నకు జవాబు లేకుండా ఆ విశేషణాన్ని వాడకపోవడం రచయిత బాధ్యత.